తెల్లపాచి

విదేశం నుంచి తిరిగొచ్చిన పెట్టె చుట్టూ బిగించిన ప్లాస్టిక్ పట్టీలను కత్తితో కోసి నాంచారయ్య మూత ఎత్తాడు. లోపల చీరలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పురుగు పట్టకుండా మడతల మధ్య భార్య సువర్చల దాచిన ఎండు వేపాకు కూడా అలాగే ఉంది. రంగే లేదు.

పైనున్న చీర తీసి అద్దకం బల్ల మీద పరిచాడు. ఎర్రటి నేల మీద నల్లగీత నెమళ్ళు బారులు తీరి ఉండాలి. చీర నేలంతా తెల్లగా ఉంది. నెమలి ఉండవలసిన చోట, గోడకి కొట్టిన పాత మేకు వానకి కారినట్టు, నల్లరంగులోని ఇనుము సన్నటి తుప్పు గీతగా మాత్రం మిగిలింది. రెండో చీరా అంతే. అడుగు నుంచి లాగిన చీరా అంతే.

"ఇది మన సరుకు కాదు," అన్నాడు నాంచారయ్య. "రేవులో ఎవడో మార్చేశాడు. మనం పంపింది ఇది కాదు."

సువర్చల చీర చెంగు మూల వెతికి పట్టుకుంది. అచ్చులపాలెంలో ప్రతి అద్దకం షెడ్డుకీ ఒక గుర్తు అచ్చు ఉంటుంది. సరుకు బయటికి వెళ్ళే ముందు మూలన అది కొట్టి పంపుతారు. వాళ్ళది చిలక. తుప్పురంగు చిలక, ముక్కుతో సహా, అక్కడే ఉంది.

"మనదేనండీ," అంది.

అతను ఆ చిలకని బొటనవేలితో రుద్దాడు. రుద్దితే లోపలి రంగు బయటపడుతుందేమో అన్నట్టు చాలాసేపు రుద్దాడు. షెడ్డులో పొడుగాటి బల్లల దగ్గర అచ్చులు కొడుతున్న చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. ఎవరూ దగ్గరికి రాలేదు. అచ్చులు చేతుల్లోనే పట్టుకుని నిలబడ్డారు.

"నీ పాచేనా?" అన్నాడు నాంచారయ్య, భార్య వైపు చూడకుండా.

సువర్చల చెంగు ముక్కు దగ్గర పెట్టుకుంది. పులిసిన గంజి వాసన, చాలా సన్నగా. ఆ వాసన ఆమె ఏ నిద్రలో లేపినా గుర్తుపడుతుంది.

*

ఆ ఏడు ఎండాకాలంలో అధికారులు వచ్చి కాలువ నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు.

అచ్చులపాలెం అద్దకానికి కాలువే ఆధారం. బట్టని కరక్కాయ నీళ్ళలో ముంచి, అచ్చు కొట్టి, రాగి డేగిసాల్లో ఉడకబెట్టి, చివరికి పారే నీళ్ళలో జాడించి ఉతికితేనే రంగు తేరుతుంది. ఆ ఉతుకులో వదిలిన రంగంతా కాలువలోనే పోతుంది. దిగువన నాగులదిబ్బ వాళ్ళు అదే కాలువని చెరువులోకి మళ్ళించుకుని తాగుతారు. ఆ తర్వాత ఉప్పుటేరు, దాని వెనక సముద్రం. పైన ఏ షెడ్డులో ఏ రంగు ఉడుకుతోందో నాగులదిబ్బ ఆడవాళ్ళు బిందెలోకి చూసి చెప్పేవారు.

వానలు మొదలయ్యేలోగా రంగునీళ్ళు శుద్ధి చేసి వదలకపోతే షెడ్లన్నీ మూసెయ్యమని ఉత్తర్వు వచ్చింది. శుద్ధి చేసే యంత్రం కొనాలంటే ఊళ్ళో షెడ్లన్నీ అమ్మినా చాలదు.

"రంగు వదలకుండా అద్దకం చెయ్యాలంట," అన్నాడు నాంచారయ్య అన్నం ముందు కూర్చుని. "పొగ రాకుండా పొయ్యి వెలిగించాలంట. చెప్పడానికేం!"

"వాళ్ళన్నదాంట్లో తప్పేముంది? ఆ నీళ్ళు మీరు తాగుతారా?"

"తాగను. కానీ షెడ్డు మూస్తే ఆ నీళ్ళు తాగేవాడికే రేపు కూలి ఉండదు. అది కూడా చెప్పు."

ఇద్దరి మాటా నిజమే కావడంతో, మజ్జిగ అన్నంలోకి వచ్చేసరికి ఇద్దరి దగ్గరా మాటలు అయిపోయాయి.

సువర్చల పెళ్ళికి ముందు బందరు కాలేజీలో సూక్ష్మజీవుల శాస్త్రం చదివింది. తర్వాత ఆ చదువుతో పని పడలేదు. కానీ దేన్నయినా ఆగి చూసే అలవాటు మాత్రం పోలేదు. పెరట్లో మామగారి తండ్రి నాటి ఉతుకుబండ ఉంది. తరాల ఎరుపు ఇంకి రాయే ఎర్రబడిపోయింది. ఆ వేసవిలో, రోజూ గంజి వంపే మూల, బండ మీద కానీబిళ్ళంత తెల్లమచ్చ కనిపించింది. రుద్దితే పడిన మచ్చ కాదని తెలుస్తూనే ఉంది. రోజురోజుకీ అది పెరిగింది.

చెంచాతో గీకి, గాజు సీసాలో గంజి పోసి, అందులో వేసింది. షెడ్డు నుంచి గ్లాసుడు ఎర్ర రంగునీళ్ళు తెచ్చి కలిపి, వంటింటి కిటికీలో పెట్టింది. మర్నాటికి నీళ్ళు గులాబి రంగుకి దిగాయి. ఆ మర్నాడు సీసా లోంచి అవతలి గోడ కనిపించింది. అడుగున మాత్రం మీగడలాంటి తెల్లటి పొర.

తనతో చదివి అదే కాలేజీలో పాఠాలు చెబుతున్న ఇందుమతి దగ్గరికి ఆ సీసా తీసుకెళ్ళింది. ఇందుమతి ఆ రోజంతా మైక్రోస్కోపు వదల్లేదు.

"రంగుని ముక్కలు చేసి తినేస్తోందే ఇది! మిగిలేది నీళ్ళూ, కాస్త గాలీ. ఎక్కడ దొరికిందే నీకు?"

"గంజి పారబోసే చోట."

"నేను ఇన్నేళ్ళూ ఈ అద్దాల్లోంచి చూసి చూసి కళ్ళద్దాలు తెచ్చుకున్నాను. నువ్వు గంజి వంపుతూ కనిపెట్టావా! సర్లే, ఒక్క మాట విను. ఎప్పుడు కావాలన్నా ఈ మొదటి సీసాలోంచే తీసుకో. ఒకసారి రంగు తిన్నదాన్ని మళ్ళీ వాడకు, ఉడకబెట్టి పారబొయ్యి. ప్రాణమున్నది కదా, మనం దేనికి అలవాటు చేస్తే దానికి అలవాటు పడుతుంది."

*

షెడ్డు వెనక గొయ్యి తవ్వించి, సిమెంటు పూయించి, వాడిన రంగునీళ్ళు అందులోకి మళ్ళించారు. సువర్చల దాంట్లో కుంచెడు గంజీ, గరిటెడు తెల్లపాచీ వేసింది. తేరిన నీళ్ళు కాలువలోకి వదిలితే, వాటితో పాటు పోయిన పాచి ఉతుకులో కారే రంగుని కూడా తినేసింది. అధికారులు మళ్ళీ వచ్చి గోతిలో నీళ్ళు సీసాతో ముంచి వెలుగుకి ఎత్తి చూశారు. ఒకాయన గోతి చుట్టూ తిరిగి, ఎక్కడో గొట్టం దాచారేమోనని వెతికాడు కూడా.

మర్నాడు పొద్దున్నే మిగతా షెడ్ల ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చారు.

"వారం వారం రండి," అని చెప్పింది సువర్చల. "మొదటి సీసాలోది పెంచి పోస్తాను. మీ గోతిలోది మాత్రం మళ్ళీ వాడొద్దు."

ఈ పద్ధతి ఆమె అత్తగారు మాణిక్యమ్మకి నచ్చలేదు.

"తోడు వారం వారం పెట్టడమేంటే, ముష్టి పెట్టినట్టు? ఒకసారి తోడిచ్చాక వాళ్ళింటి పెరుగు వాళ్ళది."

"ఇది పెరుగు కాదత్తయ్యా."

"పాలని మార్చేది అదీ, నీళ్ళని మార్చేది ఇదీ. అంతేగా? చదువుకున్నదానివి, నేను చెప్పాలా?"

తోడు విషయంలో మాణిక్యమ్మకి రెండు కట్టుబాట్లు. అడిగినవాళ్ళని లేదనకూడదు. ఇచ్చేది, ఆ పూట అన్నిటికన్నా బాగా తోడుకున్న గిన్నెలోంచే ఇవ్వాలి. పలచటి పెరుగు తోడిస్తే ఇచ్చిన చెయ్యి కూడా పలచనైపోతుంది. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ అదే లెక్క. కోడలు ఇంట్లో లేని పూట ఎవరైనా గిన్నెతో వస్తే ఆవిడ సీసా జోలికి పోకుండా నేరుగా గోతి దగ్గరికి తీసుకెళ్ళేది. "ఇదిగో, ఇవాళ ఇది అన్నిటికన్నా ముందు తేరింది. ఇది పట్టుకెళ్ళండి," అని నిండుగా ముంచి ఇచ్చేది.

తర్వాత్తర్వాత వాళ్ళలో వాళ్ళే ఇచ్చిపుచ్చుకున్నారు. ఎవరి గొయ్యి ముందు తేరితే ఆ పూట అందరి గరిటెలూ అక్కడే.

"మాది కాఫీలు తాగేసరికే తేరిపోయింది వదినా!"

"మాది నువ్వు పళ్ళు తోముకోకముందే తేరింది. కావాలంటే వచ్చి మొహం చూసుకో, అద్దమక్కర్లేదు."

సువర్చలకి ఇది తెలిసింది. మొదట్లో కోప్పడింది. ఇందుమతి మాట చెప్పింది. కానీ గోతులు నానాటికీ తొందరగా తేరుతున్నాయి, షెడ్లు నడుస్తున్నాయి, కాలువలోకి మంచినీళ్ళు పోతున్నాయి. జరుగుతున్న మంచిని ఆపమని గట్టిగా చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. మొదటి సీసాని మాత్రం మూత బిగించి ఫ్రిజ్‌లో వెనక్కి పెట్టింది.

*

కార్తీకానికి నీళ్ళు తేటపడి కాలువ అడుగు కనిపించింది. చిన్న చిన్న చేపలు మెట్ల దాకా వచ్చాయి.

వాళ్ళ షెడ్డు బట్టలన్నీ కాలువలో ఉతికేది పోతురాజు. నాగులదిబ్బ మనిషి. నడుముల్లోతు నీళ్ళలో పగలంతా నిలబడే పని. కుర్రతనం నుంచీ ఆ రంగు పట్టి పట్టి అతని కాళ్ళు మోకాళ్ళ దాకా ఎర్రగా ఉండేవి. అందుకే పారాణి పోతురాజు అనేవారు. ఒకరోజు అతను మెట్లెక్కి వచ్చి సువర్చలకి కాళ్ళు చూపించాడు. మామూలు మనిషి కాళ్ళే.

"నిన్న నా పెళ్ళాం నన్ను ఇంట్లోకి రానివ్వలేదండి అమ్మగారూ. ఎవడో అనుకుందంట."

"అదేంటి? మొహం చూడలేదా?"

"పెళ్ళైన కాణ్ణించీ తలొంచుకునే ఉందండి. దానికి నా కాళ్ళే తెలుసు."

"తలొంచుకునే నిన్నిలా ఆడిస్తోందన్నమాట!" అంది మాణిక్యమ్మ అరుగు మీంచి. పోతురాజు అందరికన్నా ఎక్కువ నవ్వాడు. నవ్వి, తమ చెరువు నీళ్ళలో ఇప్పుడు అన్నం వండితే తెల్లగా ఉడుకుతోందని చెప్పాడు.

ఆ నెలలోనే బడిపిల్లల నీలం లాగులు పాలిపోయాయి. సబ్బు మంచిది కాదన్నారు. ఎవరిదో తువ్వాలు తెల్లబడింది. ఎండకన్నారు.

మాణిక్యమ్మ పూజగదిలో గోడకి ఒక వేలాడే బట్ట ఉంది. ఆవిడ భర్త తన చేత్తో అద్దినది, గరుత్మంతుడి మీద విష్ణుమూర్తి. ఆయన పోయినప్పటి నుంచీ ఏడాదికోసారి ఆవిడే కాలువకి తీసుకెళ్ళి, తనే ఉతికి, నీడన ఆరేసి, మళ్ళీ కడుతుంది. ఆ ఏడూ అలాగే చేసింది. తుపాను ముసురులో బట్ట సరిగా ఆరలేదు. చెమ్మతోనే కట్టింది.

"నా కళ్ళు మసకబారుతున్నట్టున్నాయే," అంది కొన్నాళ్ళకి. "స్వామి ఎర్ర బట్ట సరిగ్గా ఆనట్లేదు. ఒకసారి బందరు తీసుకెళ్ళి చూపించండి."

సువర్చల దీపం ఎత్తి పట్టుకుని చూసింది. అత్తగారి కళ్ళకి ఏమీ కాలేదు. మామగారి ఎరుపు గులాబి రంగుకి దిగింది. గరుత్మంతుడి రెక్కల చివర అప్పుడే తెల్లబడుతోంది.

"తీసుకెళదాం అత్తయ్యా," అని మాత్రం అంది.

ఆ తర్వాతి వారమే విదేశం నుంచి పెట్టె తిరిగొచ్చింది.

*

ఫ్రిజ్‌లో వెనక పెట్టిన మొదటి సీసా తీసింది సువర్చల. పక్కనే గోతిలోంచి తెచ్చిన పాచి. రెంటిలోనూ ఎర్రగా అద్దిన గుడ్డముక్క ఒక్కొక్కటి వేసింది. మొదటి సీసాలోది గుడ్డ వదిలిన రంగునే తిని ఊరుకుంది. గుడ్డ ఎర్రగానే ఉంది. గోతిలోది నీళ్ళలో రంగు అయిపోగానే గుడ్డ మీద పడింది. అంచుల నుంచి లోపలికి, తీరిగ్గా, దారందారమూ తెల్లబరిచింది. బట్ట ఎండబెట్టినా అది చావలేదు. పోగుల్లో నిద్రపోయి, మళ్ళీ చెమ్మ తగలగానే లేచింది. ఓడలో పెట్టెలకి చెమ్మ కొరత ఏముంటుంది?

మాణిక్యమ్మ వచ్చి రెండు గుడ్డముక్కలూ చూసింది. సువర్చల ఆవిడకి అర్థమయ్యేటట్టే చెప్పింది. ప్రతి పూటా ఊళ్ళోకెల్లా ఆకలెక్కువైనదాన్నే ఏరి దాన్నే తోడేశారు. మళ్ళీ దాంట్లో ఆకలెక్కువైనది. నీళ్ళలో రంగు దానికిప్పుడు చాలట్లేదు.

"బాగా తోడుకున్నదే కదే ఇచ్చాను," అంది మాణిక్యమ్మ.

"అవునత్తయ్యా."

"పలచటిది ఒక్కనాడూ ఇవ్వలేదే నేను."

 ఆవిడ పూజగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఊరంతా దారులు వెతికింది. డేగిసాలో ఉడికితే పాచి చస్తుంది. కానీ చివరి ఉతుకు కాలువలోనే కదా, అక్కడ మళ్ళీ అంటుకుంటుంది. బోరు వేస్తే పడేవి ఉప్పునీళ్ళు, వాటిలో ఎరుపు తేరదు, బురదరంగుకి దిగుతుంది. ఉతికిన బట్టని ఉప్పులో ముంచి తీస్తే ఆ ఉప్పు కడగడానికి మళ్ళీ కాలువే దిక్కు. కొనేవాళ్ళు ఒక్కొక్కరే సరుకు వద్దన్నారు. డేగిసాల కింద పొయ్యిలు ఆరిపోయాయి. అద్దేవాళ్ళు పనిలేకపోయినా పొద్దున్నే వచ్చి బల్లల దగ్గర నిలబడేవారు. ఇంటి దగ్గర ఏం చెప్పుకోవాలో తెలియక. నాంచారయ్య వాళ్ళని పొమ్మనలేక, వాళ్ళ ముందు కూర్చోలేక, షెడ్డులోకీ ఇంట్లోకీ తిరిగేవాడు.

ఒక ఉదయం మంచినీళ్ళకని వంటింట్లోకి వచ్చి, ఊరగాయ జాడీల పక్కన ఉన్న సీసా చూసి ఆగాడు.

"ఇదేంటి, ఇది ఎర్రగానే ఉంది?"

"గోతిలో పాచేనండీ. ఉప్పు కలిపాను, సముద్రపు నీళ్ళంత."

"చచ్చిందా?"

"చచ్చింది."

అతను సీసాని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో తిప్పి చూశాడు. చాలా రోజుల తర్వాత అతని మొహంలో నెత్తురు కనిపించింది. అది చూసి సువర్చల, చెప్పకుండా ఉండవలసిందే అనుకుంది.

"కాలవలో కలపడానికి అంత ఉప్పు ఎక్కణ్ణించి తెస్తారండీ," అంది.

అతను సీసాని మళ్ళీ జాడీల పక్కన, ఉన్న చోటే పెట్టాడు. సైకిలు మీద వెళ్ళేంత దూరంలో సముద్రం ఉందని ఇద్దరికీ తెలుసు.

*

సముద్రం సంగతి ఊళ్ళో మరొకరికి కూడా తట్టింది. లీలాప్రసాదు అద్దకందార్లలో పెద్దవాడు, నాంచారయ్యకి బాబాయి వరస. ఒక పొద్దున అన్ని షెడ్లవాళ్ళనీ నాంచారయ్య షెడ్డుకి పిలిపించాడు.

"కాలవ చివర ఉప్పుటేటి తలుపులున్నాయి చూడండి," అన్నాడు బల్ల మీద చెయ్యి ఆన్చి. "రేపు అమావాస్య పోటు. ఆ తలుపులెత్తితే సముద్రం కాలవలోకి ఎగదన్నుద్ది. పైన లాకుల దాకా వస్తుంది. ఒక్క పోటు చాలు, పాచి చస్తుంది. ఆ తర్వాత పైనించి మంచినీళ్ళు వదిలితే మన కాలవ మనకొస్తుంది."

"నాగులదిబ్బ చెరువో?" అంది సువర్చల.

"ఏడాది ట్యాంకరు నీళ్ళు తాగుతారు."

"వాళ్ళ నారుమళ్ళు? ఉప్పెక్కిన నేల ఏడాదిలో మామూలవుతుందా బాబాయ్ గారూ?"

"అమ్మాయ్! ఇక్కడ ఊరు ఊరంతా ఎండిపోతుంటే నారుమళ్ళంటావేంటి? ఇది పుట్టించింది ఎవరు?"

 గుమ్మం దగ్గర నిలబడ్డ పోతురాజు వైపు అందరూ చూసీ చూడనట్టు చూశారు. అతను తల మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"షెడ్డు మూస్తే నాకు పని లేదండి. తలుపులెత్తితే నాకు నీళ్ళు లేవండి," అన్నాడు. "నన్నేం చెయ్యమంటారో తవరే చెప్పండి, అది చేస్తాను."

లీలాప్రసాదు సువర్చల వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు.

"చూడమ్మా. తలుపులెత్తడమంటే తాళాలు పగలగొట్టడం. కేసు పడుద్ది, జైలుకి పోయేది నేను. ఈ వయసులో ఊరికే పోను. అది ఉప్పుకి చస్తుందా, చావదా? చస్తుందని నువ్వు ఒక్క మాట అను, ఇప్పుడే బయల్దేరతా."

బల్లల వెనక అద్దేవాళ్ళు నిలబడి ఉన్నారు. అచ్చు పట్టి పట్టి అరచేతులు కాయలు కాసినవాళ్ళు. వాళ్ళలో సగంమంది ఆమె పెళ్ళిలో వడ్డించినవాళ్ళు. సువర్చల వాళ్ళందరినీ చూసింది. భర్త వైపు మాత్రం చూడలేకపోయింది.

"చావదు," అంది. "చూశాను బాబాయ్ గారూ. ఉప్పుకి చావదు."

నాంచారయ్య కదల్లేదు. జాడీల పక్కన ఎర్రటి సీసా అతనికి తెలుసు. ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు చెబుతాడు అని ఆమె నిలబడింది. అతను చెప్పలేదు. లీలాప్రసాదు మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"ఉప్పుకి చావందాన్ని నా జన్మలో చూళ్ళేదు. మరి ఊరగాయలో అంతంత ఉప్పెందుకేస్తారే మీరు? నువ్వు జాలి కొద్దీ అంటున్నావు. పరీక్ష పెడదాం, అయిపోద్ది."

బండి మీద మనిషిని పంపి డబ్బాతో సముద్రపు నీళ్ళు తెప్పించాడు. బకెట్టులో పోసి, ఎర్ర రంగు కలిపి, గోతిలోంచి గరిటెడు పాచి తెచ్చి తనే వేశాడు. అప్పటికి ఆ పాచి బకెట్టు నీళ్ళని తేర్చడానికి ఒక భోజనం వేళ చాలు.

"అన్నాలు తినొచ్చేసరికి తేలిపోద్ది. నీళ్ళు తేరితే ఇక అంతే, ఎవరి దారి వాళ్ళం. ఎర్రగానే ఉంటే తలుపులెత్తుతున్నాం," అన్నాడు. "ఇక్కడ కాపలాకి అమ్మాయి వద్దు. పోతురాజూ వద్దు. నాంచారూ, నువ్వు కూర్చోరా. నీకన్నా మునిగినవాడు ఊళ్ళో లేడు. నిన్ను నమ్మకపోతే ఇంకెవణ్ణి నమ్ముతాం?"

సువర్చల ఇంటికొచ్చి అత్తగారికి వడ్డించింది. తన కంచంలో అన్నం కలిపి అలాగే వదిలేసింది. నీళ్ళు ఎర్రగానే ఉంటాయి. అది శాస్త్రం, ఆమె అబద్ధమాడినంత మాత్రాన మారదు. అందరి ముందూ అబద్ధం బయటపడుతుంది, అది ఎలాగూ భరించాలి. ఆ తర్వాత రేపటి పోటుకి సముద్రం కాలువలోకి ఎక్కుతుంది. మెట్ల దాకా వచ్చిన చిన్న చేపలు, ఆ చెరువు, తెల్లగా ఉడుకుతోందని పోతురాజు చెప్పిన అన్నం. లేదూ, ఏ మాయో జరిగి నీళ్ళు తేరితే, బల్లల వెనక నిలబడ్డ ఆ మనుషులు. ఏది జరగాలని కోరుకోవాలో కూడా ఆమెకి తెలియలేదు. పూజగదిలో గోడ మీద తెల్లటి బట్ట వేలాడుతోంది. మాణిక్యమ్మ దానికి రోజూలాగే బొట్టు పెట్టింది.

ఆమె షెడ్డుకి చేరేసరికి అందరూ బకెట్టు చుట్టూ మూగి ఉన్నారు.  సువర్చల వాళ్ళ భుజాల మధ్య నుంచి తొంగిచూసింది.

బకెట్టు అడుగున కంపెనీ పేరు అక్షరం అక్షరం కనిపిస్తోంది. నీళ్ళలో రంగనేదే లేదు.

లీలాప్రసాదు బకెట్టులో చెయ్యి పెట్టి పైకెత్తాడు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు తెల్లగా జారిపోయాయి. తడిచేతిని పంచెకి తుడుచుకున్నాడు. తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయి, బల్ల చివర కూలబడ్డాడు.

"చంపలేనిదాన్ని ఎందుకు పుట్టించావమ్మా," అన్నాడు.

తిట్టినా బాగుండేది. అద్దేవాళ్ళలో ఒకావిడ సువర్చల పాదాల దగ్గర ఉమ్మి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు ఒక్కొక్కరే తమ తమ సామాను, అచ్చు కింద పెట్టుకునే గోనెముక్క, టిఫిను గిన్నె, గోడ మేకుకి తగిలించిన చొక్కా తీసుకుని బయటికి నడిచారు. చివరికి పోతురాజు మిగిలాడు.

"అయితే రేపట్నించి రావొద్దాండి?"

"రావద్దు," అన్నాడు నాంచారయ్య.

పోతురాజు తువ్వాలు తలకి చుట్టుకుని గట్టు మీద కిందికి నడిచాడు.

షెడ్డు ఖాళీ అయ్యాక సువర్చల బకెట్టు పక్కన కూర్చుంది. చూపుడువేలు నీళ్ళలో ముంచి నాలుక మీద పెట్టుకుంది.

చప్పగా ఉంది. ఉప్పు రవ్వంత కూడా లేదు.

తలెత్తి భర్తని చూసింది. అతను గోడవార అలమర తెరిచి అచ్చులు బల్ల మీదికి దించుతున్నాడు. పని ఆపి ఎన్నాళ్ళయినా ఉంచవలసి వస్తే టేకు పగలకుండా అచ్చులకి నూనె రాసి గుడ్డ చుట్టి దాచడం వాళ్ళింటి అలవాటు.

"వంటింట్లో సీసా చూశారుగా మీరు," అంది.

"చూశాను."

"మరి?"

"మరేంటి? నువ్వొక్కదానివే అబద్ధమాడితే పట్టుబడతావు."

నెమలి అచ్చుని తిప్పి, సందుల్లో ఇరుక్కున్న ఎండు ఎరుపుని పుల్లతో గీకాడు.

"కూర్చుంటే దాహమేసింది," అన్నాడు. "ఇంట్లోకొస్తే మీ అందరి మొహాలూ చూడాలి. కాలవలో దిగి తాగాను."

సువర్చల బకెట్టు పక్క నుంచి లేచి బల్ల దగ్గరికి వచ్చింది.

"మంచినీళ్ళే," అన్నాడు. "మా నాన్న ఆ నీళ్ళు ఒక్కసారీ తాగి ఎరగడు."   నూనె సీసా మూత తీయడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. రాలేదు. ఆమె తీసి ఇచ్చింది.

అచ్చులు చాలా ఉన్నాయి. తాతవి, తండ్రివి, కొత్తగా చెక్కించి ఇంకా రంగు చూడనివి. అన్నిటికన్నా చిన్నది చిలక. అతను దానికి నూనె రాసి చెయ్యి చాపాడు.

"చుట్టడానికి గుడ్డ ఏదన్నా ఉందా?"

సువర్చల మూల పడి ఉన్న పెట్టె దగ్గరికి వెళ్ళి, పైనున్న తెల్లటి చీర తీసింది. అంచు పళ్ళతో కొరికి, రెండు చేతులా పట్టుకుని లాగింది. చిరిగేటప్పుడు అది అచ్చం కొత్త చీరలాగే చప్పుడు చేసింది.